మిల్తిక్ అని రాసిన మనిషి

కాసీమాలీ బైకే కార్డును ఎవరూ లాక్కోలేదు. బల్ల మీద పెట్టమన్నారు, పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా విదేశీ వేటగాళ్ళకు కొండదారి చూపించిన ఎగెర్ కార్డు అది. నరీన్ పట్టణంలో వేటశాఖ కచేరీ రెండో అంతస్తులో, కూర్చోమని కూడా అనకుండా, ఒకావిడ దాన్ని సొరుగులో వేసి సొరుగు మూసింది. "కారణం కింద రాశాను, చదువుకోండి" అంది. ఆయన కళ్ళజోడు తెచ్చుకోలేదు. నేనే చదివి వినిపించాను. ఆయుధం రకాన్ని తప్పుగా రాసి, అనుమతి లేని తుపాకీని దేశంలోకి రప్పించబోయినందుకట.

తప్పన్నది ఒకే ఒక్క మాట. రాసిన చెయ్యి ఆయనదే. రాయించినవాడు ముకాంబెత్, మా వేట శిబిరం యజమాని. ఆ ముక్క ముకాంబెత్ ఆ గదిలో చెప్పలేదు. "కాగితాల పని బైకేది. నేను చూడకుండా సంతకం పెట్టాను" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. తనకంటే పెద్దవాణ్ణి మంట్లోకి తోస్తూ కూడా బైకే అని, అంటే పెద్దన్నా అని, పిలవడం మానలేదు.

నేను ఆ శిబిరంలో దుబాసీని. అంతకుముందు చలికాలంలో హార్లన్ అనే అమెరికావాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా చేతితుపాకీతోనే వేటాడుతున్నాడట. మా కొండల్లో ఒక కొండమేకపోతును కొట్టాలని ఆయన కోరిక. జాగ్రత్త గల మనిషి. ఏ కాగితం ముందు పంపాలి, ఎన్ని రోజుల ముందు పంపాలి, పెట్టెకు ఎన్ని తాళాలుండాలి, తూటాలు అదే పెట్టెలో పెట్టొచ్చా వేరే పెట్టెలోనా, దారిలో విమానం మారే ఊళ్ళో కూడా అనుమతి కావాలా, అన్నీ వరసపెట్టి అడిగాడు. చివర్లో ఇంకో మాట రాశాడు: "ముఖ్యంగా, మీ దేశంలోకి వేట కోసం చేతితుపాకీ తేనిస్తారా? తేనివ్వకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. మీ దగ్గర పెద్ద తుపాకీ అడిగి తీసుకుంటాను."

ఇదంతా ముకాంబెత్‌కి చదివి చెప్పాను. ఆయన కోడిగుడ్డు ఒలుచుకుంటున్నాడు.

"తేవచ్చని రాయి" అన్నాడు.

"పొట్టి గొట్టం తుపాకులు కూడవని మన వంటగది తలుపు వెనక అంటించిన రూల్సులోనే ఉంది కదా."

"అది మనుషుల్ని కాల్చేవాటి గురించిరా. ఇతను కాల్చేది మేకని. రాయి."

రాశాను. బయట మంచు కురుస్తోంది, నాకు ఇంకో చోటు లేదు. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

తర్వాత అనుమతి దరఖాస్తు వచ్చింది. ఆ ఫారాలు నింపేది కాసీమాలీ బైకే. ఊళ్ళో పెళ్ళి పిలుపులైనా చావు కబుర్లైనా ఆయన చేతే రాయించుకునేవాళ్ళు, అంత గుండ్రని అక్షరం ఆయనది. పేరు, పాస్‌పోర్టు, తుపాకీ నంబరు, తూటాలెన్ని, అన్నీ రాశాడు. ఆయుధం రకం అన్న గడి దగ్గర ఆగాడు. హార్లన్ పంపిన ఫొటోను చేతికందినంత దూరం పెట్టి చూశాడు. గొట్టం మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండేంత ఉంది. పైన దూరం చూసే అద్దం బిగించి ఉంది.

"దీన్నేమంటారు?" అని అడిగాడు.

"తపంచా" అన్నాను.

"తపంచాతో ఎవడైనా వేటాడతాడా, పుస్తకాలోడా?" అని నవ్వాడు.

మా కొండల్లో తపంచా వేటకు సంబంధించిన మాట కాదు. అది పోలీసు నడుముకు వేలాడేది, అనుమానపు మొగుడు పరుపు కింద దాచేది. కొండమేకను పడగొట్టేది, తాతలనాటి మందుగుండుదైనా నిన్న కొన్న జర్మనీదైనా, మిల్తిక్. గొర్రెలు కాసే పిల్లల్ని అడిగినా అదే చెబుతారు.

"రాతి మీద ఆనిస్తాడు. అద్దంలోంచి చూస్తాడు. రెండొందల అంగల దూరంలో పోతును పడేస్తాడు. మరది మిల్తిక్ కాక ఏంటి?" అన్నాడు కాసీమాలీ బైకే.

గుమ్మంలో నిలబడి ముకాంబెత్ ఇదంతా విన్నాడు. "మీకు తెలిసిందే రాయండి బైకే. తుపాకుల గురించి మీకు చెప్పేవాణ్ణా నేను" అన్నాడు. ఆయన గుండ్రటి అక్షరాలతో మిల్తిక్ అని రాశాడు. సంతకం పెట్టే ముందు ముకాంబెత్ వేలు ఆ గడి మీదుగా నెమ్మదిగా జరగడం నేను చూశాను.

సెప్టెంబరులో బైకే, నేను రాజధాని విమానాశ్రయానికి వెళ్ళాం. హార్లన్ పెట్టెకు రెండు తాళాలూ ఉన్నాయి, తూటాలు వేరే పెట్టెలో ఉన్నాయి, నంబర్లన్నీ కలిశాయి. కస్టమ్స్ కుర్రాడు పెట్టె తెరిచి లోపలికి చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ లోపలికి చూశాడు. టేపు తీశాడు.

"ఇది మిల్తికా బైకే?"

"ఔను."

"గొట్టం చూడండి ఎంతుందో."

"పొడుగుతో ఏం పని తమ్ముడూ. చేసే పనిని బట్టి కదా పేరు."

"మా తాతా ఇలాగే అనేవాడు" అన్నాడు అతను. చెడ్డవాడేం కాదు. "కానీ రూల్లో మా తాత లేడు. పొడుగే ఉంది."

పెట్టెకు సీలు వేశారు. అనుమతి ఆ ఒక్క తుపాకీ నంబరు మీదే ఉంది కాబట్టి వేరేదాంతో వేటాడే వీల్లేక, హార్లన్ రెండు రోజులు హోటల్లో కూర్చుని వెనక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కోప్పడలేదు. కాసీమాలీ బైకే చెయ్యి పట్టుకుని, నాకేసి చూస్తూ, "నేను ముందే అడిగానని ఈయనకి చెప్పు. రాతపూర్వకంగా అడిగాను" అన్నాడు. చెప్పాను.

"అడిగాడా?" అన్నాడు బైకే.

అప్పటిదాకా ఆయనకు ఆ ఉత్తరం సంగతి తెలియదు. వ్యానులో తిరిగొస్తూ మొత్తం చెప్పాను. దోలోన్ కనుమ ఎక్కేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు మిల్తిక్ అంటే మిల్తికే అయ్యుంటుందనుకున్నా."

"అబద్ధమన్నా సరిగా ఆడ్డం నేర్చుకో. అన్ని పుస్తకాలు చదివావు" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కార్డు పోయాక మేమిద్దరం నరీన్‌కు తిరగడం మొదలుపెట్టాం. మొదటిసారి అధికారి లేడు. రెండోసారి అర్జీకి అంటించిన ఫొటో చిన్నదన్నారు. మూడోసారి హార్లన్ ఉత్తరాన్ని, ముకాంబెత్ చెప్పగా నేను రాసిన జవాబును అచ్చు తీయించి, రెండింటినీ మా భాషలోకి రాసి తీసుకెళ్ళాను. సొరుగావిడ చూసింది.

"అనువాదం ఎవరిది?"

"నాదే."

"డిప్లొమా ఉందా?"

"లేదు."

"మరి ఇది అనువాదం ఎలా అవుతుంది? రిజిస్టరైన వాళ్ళ ముద్ర కావాలి."

ఆ భాషకు నరీన్‌లో రిజిస్టరైనవాడు ఒక్కడూ లేడు. ఆ ఉత్తరం చదవగలిగినవాణ్ణి ఆవిడ ఎదుటే నిలబడి ఉన్నాను. అయినా ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ చదవనట్టే లెక్క.

నాలుగోసారి అధికారే లోపలికి పిలిచాడు. కూర్చోబెట్టి టీ పోశాడు, రొట్టె పెట్టాడు. అచ్చు వేసిన కాగితం ఒకటి ముందుకు జరిపాడు. "ఈ సంతకం పెట్టండి బైకే, వచ్చే వారమే కార్డు ఇచ్చేస్తాను. మీమీద ఎవరికీ పగ లేదు."

నేను చదివాను: "వృత్తిరీత్యా ఎగెర్‌నే అయినా, తుపాకుల రకాల మధ్య తేడా నాకు తెలియదు. తెలియకపోవడం వల్లనే పై తప్పు జరిగింది."

కాసీమాలీ బైకే ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"తప్పు మాట రాశానని పెట్టండి, సంతకం చేస్తాను. తెలియదని వద్దు" అన్నాడు.

"అచ్చు ఫారం బైకే ఇది. మార్చాలంటే రాజధానికి పంపాలి."

"పంపండి."

"ఏడాది పడుతుంది. ఏ జవాబొస్తుందో కూడా తెలియదు."

"తుపాకుల తేడా తెలియనోడికి మళ్ళీ కార్డు ఎలా ఇస్తారు మీరు?"

అధికారి నవ్వాడు. "దానికి ఇంకో ఫారం ఉంది."

రొట్టె ముట్టకుండా లేవకూడదు కాబట్టి బైకే ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని లేచాడు. సంతకం పెట్టలేదు.

ఇంటికెళ్తే బూబూష్ జెంగే, అంటే మా వదిన, బైకే భార్య, చెప్పులు విప్పకముందే అందుకుంది. "సంతకమే కదా ముసలోడా. పెళ్ళినాడు ఏం కాగితం మీద పెట్టించారో నాకిప్పటికీ తెలీదు. బతకలేదా?"

"ఎవణ్ణి చేసుకుంటున్నావో తెలుసుగా."

"అదీ తెలీదు."

ఆయన నవ్వాడు, కానీ రాత్రి భోజనానికి కూర్చోకుండానే పడుకున్నాడని తర్వాత జెంగేయే చెప్పింది.

మళ్ళీ వేటకాలం వచ్చింది. ముకాంబెత్ తన మేనల్లుడు సాంజార్‌కు ఎగెర్ కార్డు తెప్పించాడు. సాంజార్ కొండల్ని ఫోనులో చూసి నేర్చుకున్నాడు. మూడు రోజులు ఒక జర్మనీవాణ్ణి తిప్పి నేల ఉడుతల బొరియలు చూపించాడు. నాలుగో రోజు ముకాంబెత్ కాసీమాలీ బైకేకి కబురు పంపాడు, గుర్రాలు చూసుకునే పనికి రమ్మని. రాడనుకున్నాను. సొంత జీను వేసుకుని వచ్చాడు.

ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది అలాగే గడిచింది. తెల్లారకముందే ఆయన ముందు వెళ్ళి గాలి చూసేవాడు, పేడ చూసేవాడు, మంద ఏ వాలులో ఉందో కనిపెట్టేవాడు. తనిఖీ గుడిసె దగ్గర పడేసరికి గుర్రాన్ని ఆపి వెనక్కి తగ్గేవాడు. సాంజార్ ముందుకొచ్చేవాడు. కొమ్ముల కొలతలు రాసే కాగితం మీద సాంజార్ పేరు రాసేవాళ్ళు. ఒకసారి గుడిసెలోని తనిఖీదారు, పదేళ్ళ కిందట ఈయన దగ్గరే కొండ నేర్చుకున్నవాడు, "ఎగెర్ ఎవరు?" అని అడిగాడు. సాంజార్ చెయ్యెత్తాడు. "మరి వీరు?" అన్నాడతను.

"గుర్రాలవాణ్ణి" అన్నాడు కాసీమాలీ బైకే, ఇంకెవరూ చెప్పకముందే.

తనిఖీదారు తల వంచుకుని కాగితం మీద సాంజార్ పేరు రాసుకున్నాడు.

శిబిరంలో జోకులకు కొదవ లేదు. వంటవాడు గరిటె ఎత్తి, "బైకే, ఇది మిల్తికా, తపంచానా?" అని అడిగేవాడు. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసేవాడు. "దీంతో మనుషుల్నే కదా చంపుతున్నావు. తపంచా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. కానీ రెండో ఏడాదికి ఆయన ఎత్తు దగ్గర గుర్రం దిగి కళ్ళెం పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. మోకాళ్ళు నొప్పా అని అడిగితే, మోకాళ్ళు బాగానే ఉన్నాయన్నాడు.

ఆ శరత్కాలం చివర్లో ముకాంబెత్ డిప్లొమా ఉన్న దుబాసీని తెచ్చుకున్నాడు. నేను మూట కట్టుకున్నాను. వెళ్ళే ముందు, మధ్యాహ్నం, గుర్రాల పాకలోకి వెళ్ళాను. కాసీమాలీ బైకే ఉన్నికంబళి మీద వెల్లకిలా పడుకుని, టోపీ కళ్ళమీదకు లాక్కుని ఉన్నాడు. నరీన్‌లో అధికారి మారాడని, కొత్త కాగితం ఏదో పంపుతారని సాంజార్ అంటున్నాడని చెప్పాను. ఎవరి కోసం పట్టు పట్టారు, నిజమేమిటో లోయంతటికీ తెలుసు కదా, ఈసారి పెట్టేయండి అని కూడా అన్నాను. నిద్రపోయాడనుకుని లేవబోయాను.

"కాగితమొస్తే నీకు పంపిస్తాను, ఎక్కడున్నావో జెంగేకి చెప్పి వెళ్ళు" అన్నాడు టోపీ కిందనుంచి. "నేను విప్పను, నువ్వే చదువు. తెలియదు అన్న మాట తీసేసి ఉంటే కబురు చెయ్యి, నరీన్ వెళ్ళి సంతకం పెడతాను. ఉంటే ఏం చెప్పకు. నన్ను పడుకోనీ."