బాబా చెప్పిన జర్మన్ సేటు

రోజూ పొద్దున ఫింటాస్ నుంచి అర్దియాకు మా బాబాను కారులో తీసుకెళ్లేవాణ్ణి. బాబా అంటే మా కఫీల్, వీసా ఇచ్చి నన్ను ఈ దేశానికి పిలిపించుకున్న అరబ్బు ముసలాయన. అర్దియాలో ఆయనకు ఇనుప గేట్లు చేసే వర్క్‌షాపు ఉండేది. దాన్ని అమ్మేస్తున్నారని విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఆ షాపు పేరు మీదే ఉంది. కొత్తగా వచ్చేవాడు నన్ను ఉంచుకుంటాడో, ఊరికి పంపేస్తాడో తెలియదు.

ఆ రోజుల్లోనే బాబా నాకు జర్మన్ సేటు సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. వెనక సీట్లో ఒళ్లో లావుపాటి పుస్తకం పెట్టుకుని, సగం హిందీ, సగం అరబ్బీలో చెప్పేవాడు. ఆ సేటుకు ఇనుము కరిగించే కార్ఖానా ఉందట. పనివాళ్లకు వరసగా ఇళ్లు కట్టించాడట. బొమ్మలు గీసేవాళ్లను పిలిచి ఇంట్లో పెట్టుకుంటాడట.

"బొమ్మలు కొంటే కార్ఖానాకేం లాభం బాబా?" అని అడిగాను.

"లాభం లేదు. ఆయనకు ఇష్టం."

ఇష్టమైతే మాత్రం ఎవరైనా అంత డబ్బు పోస్తారా? నాకు తలా తోకా తెలియలేదు. బాబా మాత్రం నిన్న సాయంత్రం కలిసి చాయ్ తాగిన మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పేవాడు. ఒకరోజు దిగులుగా, "పెద్దకొడుకు ఆయనతో మాట్లాడటం మానేశాడు" అన్నాడు.

తర్వాత ఇద్దరు తెల్లవాళ్లు వచ్చి టేపు పెట్టి షాపంతా కొలిచి వెళ్లారు. అప్పుడు నాకు వెలిగింది. షాపు కొనేది ఆ సేటే! అందుకే బాబా ఆయన గుణం నాకు ముందుగా చెబుతున్నాడు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. మా ఇంటావిడకు ఫోన్ చేసి, ఇల్లిస్తే నిన్నూ పిలిపించుకుంటానని కూడా చెప్పేశాను.

మా బావ ఎగైలాలో సోఫాల షాపులో పనిచేస్తాడు. ఆ వారమే ఫోన్ చేశాడు.

"ఏం రా అబ్బీ, మా షాపులో డెలివరీ బండికి డ్రైవర్ కావాలంటాండారు. మీ బాబాతో రిలీజ్ కాగితం తీస్కోని వచ్చెయ్."

"ఆగు బావా. మా షాపు జర్మనీ సేటు తీస్కుంటాండాడు. పనోళ్లకు ఇండ్లు కట్టిచ్చే మనిషంట."

"నీకు ఇల్లిస్తానన్యాడా?"

"నాకని కాదు. ఆడ ఇచ్చినాడంట."

"బొమ్మలు కొనే సేటు గేట్ల షాపు యాల కొంటాడు రా?"

బొమ్మల విషయం బావకు ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాను. ఒకసారి అన్నాక వెనక్కి తగ్గే రకం కాదు నేను. కొన్నాళ్లకు ఆ పనిలో వేరేవాణ్ణి పెట్టుకున్నారని బావ చెబితే పెట్టుకోనీలే అనుకున్నాను.

ఒక పొద్దున సిగ్నల్ దగ్గర ధైర్యం చేశాను.

"బాబా, జర్మన్ సేటు వచ్చినప్పుడు నా సంగతి కాస్త చెప్పండి."

"ఎక్కడికి వచ్చినప్పుడు?"

"మన షాపుకు. ఆయనే కదా కొంటున్నది."

బాబా నవ్వలేదు. పుస్తకం తెరిచి ముందుకు చాపాడు. గడ్డం ఉన్న తెల్లమనిషి ఫోటో.

"ఈయన చచ్చిపోయి నూరేళ్లు దాటింది. మొన్న కొలిచినవాళ్లు షాపును గోడౌన్ కోసం కొంటున్నారు. వాళ్లకు మనుషులు అక్కర్లేదు."

వెనక హారన్లు మోగుతుంటే కారు కదిలించాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తోచలేదు.

"ఆయన పోయాక కార్ఖానా ఏమైంది బాబా?"

"కొడుకులు అమ్మేశారు."

"బొమ్మలు?"

బాబా గొంతులోకి హుషారొచ్చింది. ఏ బొమ్మ ఏ ఊరి మ్యూజియంలో ఉందో, ఏది ఎవరింట్లో దొరికిందో చెప్పుకుంటూ పోయాడు. ఆయన ఆగేదాకా ఆగి అడిగాను.

"మరి అక్కడ పనిచేసినవాళ్లు?"

బాబా కళ్లద్దాలు పెట్టుకుని చివరి పేజీల నుంచి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. అర్దియా వచ్చింది. షాపు ముందు కారు ఆపాను. ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"వాళ్ల సంగతి ఇందులో రాయలేదు" అన్నాడు.