పిండికట్ల పిన్ని పడవ

ఆస్పత్రిలో విరిగిన చేతులకూ కాళ్లకూ కట్లు వేసే గదిలోనే ఆమె ఉద్యోగమంతా గడిచింది. అందుకే వీధిలో అందరికీ ఆమె పిండికట్ల పిన్ని. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లూ తగ్గిపోయారు. చెట్లెక్కి పడ్డ పిల్లలందరూ పెద్దవాళ్లై తలో దిక్కుకు వెళ్లిపోయారు.

అన్నయ్య పోయిన కొన్నాళ్లకు వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య పడవ షెడ్డులో అలాగే పడుంది. నువ్వు తీసుకెళ్తావా, ముక్కలు చేయించెయ్యమంటావా?"

చాలా రోజులకు ఒక మనిషి తనను ఏదో అడిగింది. వద్దనడానికి నోరు రాలేదు.

"తీసుకెళ్తాను వదినా."

ఇద్దరు పట్టే ప్లైవుడ్ పడవ అది. అడుగు చెక్క నాని, పొరలు లేచిపోయి, వేలితో నొక్కితే తడిసిన అట్టలా దిగబడుతోంది. వడ్రంగి చేత కొత్త అడుగు కోయించింది. బిగించే ముందే దానిలోకి నీరు దిగకుండా పూత వెయ్యాలి. ఆ పని తానే పెట్టుకుంది.

"ప్లైవుడ్‌కి మొహం కన్నా అంచుల్లో దాహం ఎక్కువమ్మా. ముందు వాటికి తాగినంత తాగించండి," అన్నాడు రంగుల కొట్టాయన, పూతకు వాడే రెసిన్ జిగురు డబ్బా, అది గట్టిపడటానికి కలిపే మందూ చేతికిస్తూ.

ఇంటికొచ్చి రెండూ ఒక లోతు డబ్బాలో కలిపింది. కాసేపటికి డబ్బా వెచ్చబడింది. పిండికట్టు కూడా గట్టిపడేటప్పుడు ఇలాగే వెచ్చబడుతుంది. పాత చుట్టం ఎదురైనట్టు ఆమె దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఆ మురిపెం తీరకముందే డబ్బా చుర్రుమని కాలి పొగలు కక్కింది. పెరట్లోకి విసిరేసి కొట్టుకు వెళ్లింది.

"వెడల్పాటి పళ్లెంలో పొయ్యాలమ్మా, లోతుగా ఉంటే ఉడికిపోతుంది," అని నవ్వాడు కొట్టాయన.

రెండోసారి పొద్దున్నే పూసింది. ఎండెక్కేకొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి, పూతంతా పొక్కులు లేచింది. మళ్లీ కొట్టుకు వెళ్లింది. వేడి తగ్గే సాయంత్రం పూట వెయ్యమన్నాడు. పొక్కులన్నీ గరుకు కాగితంతో రుద్ది, మొదటికొచ్చింది. అంచులు నిజంగానే తాగాయి. ఎంత పోసినా ఇంకా కావాలన్నాయి.

గరుకు కాగితం ఒక్కొక్కటే కొంటున్నానన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

"మొన్నేగా తీసుకెళ్లారు? మాటిమాటికీ ఎందుకమ్మా తిరగడం, ఓ కట్ట తీసుకెళ్లిపోండి," అన్నాడు ఆయన, మంచి మనసుతోనే.

కట్ట తీసుకుంది. ఆ వారమంతా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

అడుగు బిగించాక, కిందివైపు పూత వెయ్యాలంటే పడవను బోర్లించాలి. ఒక్కతే ఎంత పెనుగులాడినా కదల్లేదు. చివరికి సాయానికి రమ్మని వదినకు ఫోన్ చేసింది.

"నా నడుం పట్టేస్తే కట్టు వేస్తావా?" అంది వదిన.

"నడుముకి నా దగ్గర కట్టు లేదు వదినా. చేతులూ కాళ్లే."

వదిన వచ్చింది. ఇద్దరూ రొప్పుతూ రోజుతూ పడవను బోర్లించారు. వాసనకు ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుని వదిన మెట్టు మీద కూలబడింది.

"ఆదివారాలన్నీ దీనికే ధారపోశాడు మీ అన్న. దీన్ని చూస్తే సవతిని చూసినట్టుండేది."

"మరి ఇన్నాళ్లూ ఎవరికైనా ఇచ్చెయ్యలేదేం?"

"సవతైతే మాత్రం? ఆయన చెయ్యి తగిలింది, ఎవరికని ఇస్తాను?"

పిన్ని లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

పూతలు ఆరాయి. పైన రంగూ పడింది. పడవను చెరువులోకి దించే రోజు వదిన గట్టు దాకా వచ్చింది.

"రా వదినా, ఎక్కు."

"అమ్మో, నాకు నీళ్లంటే భయం. నువ్వు వెళ్లు."

పిన్ని ఒక్కతే వెనక బల్ల మీద కూర్చుని తెడ్లు వేసింది. ముందు బల్ల ఖాళీగా ఉండటంతో పడవ ముక్కు పైకి లేచి, గాలి ఎటు తోస్తే అటు తిరిగింది. ఎలాగో తిప్పలుపడి ఒడ్డుకు చేరింది. వదిన వంగి అడుగంతా అరచేత్తో తడిమింది.

"పొడిగానే ఉందే!" అంది. ఇంకేదో అనబోయింది. ఈలోగా బస్సు కనిపించింది, గబగబా వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం పిన్ని ఒక సంచిలో ఇసుక నింపి ముందు బల్ల మీద పెట్టింది. ముక్కు కిందికి దిగింది, పడవ తిన్నగా సాగింది. ఇప్పటికీ అలాగే వెళ్తుంది.

"ఆ మూటనెక్కడికి తీసుకెళ్తున్నారండీ?" అని గట్టు మీద ఎవరో ఒకరు అడుగుతారు.

"ఎక్కడికీ లేదు, బరువుకి," అంటుంది. అని, తెడ్లు కాసేపు ఆపి చూస్తుంది, వాళ్లు ఇంకేమైనా అడుగుతారేమోనని.