పేరుతో వెతికితే దొరకరు

జువ్వలదిన్నె నుంచి నెల్లూరు వెళ్లే బస్సులో కూర్చుని, ఫోన్‌లో పోలీసుల సైటు తెరిచాను. గుర్తు తెలియని శవాల వివరాలు అందులో పెడతారు. సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగిరాని మా తమ్ముడి పేరు మళ్లీ మళ్లీ కొడుతున్నాను. పక్క సీటులో ఉన్న ఆవిడ కాసేపు చూసి, మెల్లగా అంది.

"పేరు కొట్టబాకన్నా. ఒడ్డుకు కొట్టుకొచ్చినోళ్లకి పేరుండదు. పచ్చబొట్టో, చొక్కా రంగో, ఏదో ఒక గుర్తు కొట్టు. పక్క జిల్లాల్లో కూడా చూడు. సముద్రానికి జిల్లాలేం తెలుసు?"

మా జిల్లాలో, తమ్ముడికున్న గుర్తు 'చేతి మీద సిలువ పచ్చబొట్టు' అని వెతికాను. ఎవరూ లేరు. ఊపిరి పీల్చుకున్నాను.

"మీకివన్నీ ఎట్ట తెలుసక్కా?"

"మా ఆయన అట్టనే దొరికినాడు" అని, తన ఊరు రాగానే దిగిపోయింది.

నెల్లూరు చేరేదాకా ఫోన్ చేతిలోనే ఉంది. పక్క జిల్లా నొక్కడానికి మాత్రం నాకు చేయి రాలేదు.