మ్యూరియెల్ చెప్పిన చరిత్ర

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ఆర్నల్డ్ హోల్‌రాయిడ్ ముందు నోరు జారడం అంత క్షేమం కాదు. ఎవరేమన్నా "నీకెలా తెలుసు?" అంటాడు. ముప్పై ఎనిమిదేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. కనిపించిన ప్రతివాడినీ టికెట్ చూపించమనే అలవాటు ఇంకా పోలేదని మిత్రులే ఏడిపించేవారు.

ప్రతి నెలా మూడో మంగళవారం సాయంత్రం తెల్లగొర్రె పబ్బు మేడగదిలో ఆయన ఒక ఉపన్యాసం పెట్టించేవాడు. ఒక నెల కృష్ణబిలాలు, ఒక నెల ప్లేగు, మరో నెల జాతకాలు. ఉపన్యాసం అయ్యాక అందరూ కిందికి దిగి బీరు గ్లాసులు నింపుకొచ్చేవారు. ఆ తరువాతే ప్రశ్నలు. దయ్యాన్ని చూశానన్న గ్రీన్‌వుడ్ గారికి ఆర్నల్డ్ అలాగే ఒక సాయంత్రం చెమటలు పట్టించాడు.

ఇంతటి మనిషి ప్రతి సభనూ ఒకే కథతో మొదలుపెట్టేవాడు. 1842లో సమ్మె చేసిన నేతపనివాళ్లు సైనికుల కళ్లుగప్పి ఈ గదిలోనే కలుసుకున్నారట. అనుమానించడానికే పనిగట్టుకుని వచ్చే అరవైమంది, పందొమ్మిదేళ్లపాటు, బీరు తాగుతూ బుద్ధిగా తలలూపారు.

ఆ అక్టోబరులో ఊరి పబ్బుల చరిత్ర చెప్పడానికి ఫిలిప్పా క్రాబ్‌ట్రీ వచ్చింది. పాత దస్తావేజుల కార్యాలయంలో పని ఆమెది. ప్రొజెక్టర్ తీగలతో కుస్తీ పడుతున్న ఆర్నల్డ్‌ను పక్కకు పిలిచింది.

"ఆర్నల్డ్ గారూ, ఈ పబ్బు ప్లాను దొరికిందండి. కట్టింది 1887లో. అంతకుముందు ఇక్కడ పందులదొడ్డి ఉండేది."

ఆర్నల్డ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండు ఆధారాలున్నాయా?"

"మూడున్నాయి. మీకు ఇబ్బందైతే తెర మీద చూపించే వాటిలోంచి ఆ బొమ్మ తీసేస్తా. ఎవరికీ తెలీదు."

ఆ కథ ఆయనకు చెప్పింది భార్య మ్యూరియెల్. ఆమె పోయి నాలుగేళ్లయింది. బట్టలు దానమిచ్చేశాడు, ఆమె కుర్చీ కూడా ఇచ్చేశాడు. నెలకోసారి ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం ఆమె పక్కనే ఉన్నట్టుండేది. ఒక్క బొమ్మ తీసేస్తే అది అలాగే మిగిలిపోతుంది. తీసెయ్యమనాలని ఎంతగానో అనిపించింది.

"ఉంచమ్మా," అన్నాడు చివరికి. "ఊళ్లోవాళ్ల నమ్మకాలన్నీ ఉతికి ఆరేసి, నాదొక్కటి మూటగట్టి దాచుకుంటే ఏం బావుంటుంది?"

ఆ సాయంత్రం సభ కథ లేకుండానే మొదలైంది. పందులదొడ్డి తెర మీద పడగానే గదంతా ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు గ్రీన్‌వుడ్. ప్రశ్నల వేళ ముందుగా లేచిందీ ఆయనే.

"ఇంతకీ ఆ కథ మీకెవరు చెప్పారు ఆర్నల్డ్?"

"మా ఆవిడ. అప్పటికింకా పెళ్లి కాలేదులెండి. 1974లో, అదిగో, ఆ కిటికీ పక్క బల్ల దగ్గర. బస్సుకి టైమైందని నేను లేస్తుంటే మొదలెట్టింది. కథయ్యేసరికి బస్సెళ్లిపోయింది."

"బస్సు డ్రైవరుకే బస్సు తప్పించిందన్నమాట. అంతా కల్పించి."

"అలాగే ఉంది."

నవ్వులు ఆగాయి. గ్రీన్‌వుడ్ కూర్చోబోయి, మళ్లీ నిలబడ్డాడు. ఈసారి గొంతు తగ్గించి అడిగాడు. "మరి వచ్చే నెల నుంచి సభ ఎలా మొదలెడతారు?"

ఆర్నల్డ్ కాసేపు ఆ కిటికీ వైపు చూశాడు.

"ఒక కుర్రాణ్ణి వెళ్లిపోకుండా ఆపడానికి ఈ గదిలో ఒకమ్మాయి అబద్ధమాడిందని చెప్తాను. దానికి సాక్షిని నేనే."