పడమటి గాలికి ఎదురు

విడవలూరుకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్న పాళెంలో పుట్టిన బిడ్డల్లో చాలామందిని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆనందకుమారి గారు. మిషను ఆసుపత్రిలో పురుడు పోయడం నేర్చుకున్న నర్సు. పెళ్ళి చేసుకోలేదు. పాళెం వాళ్ళు పోలేరమ్మకు మొక్కుకునేవారు, ఆమె యేసు ప్రభువును ప్రార్థించేవారు. నొప్పులు పడుతున్న ఇంట్లో ఆ రెండూ పక్కపక్కనే జరిగేవి. ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు.

1961 వేసవి చివర ఆమెకు విమానం టిక్కెట్టు వచ్చింది. పంపింది తమ్ముడు విజయభాస్కర్. ఇథియోపియాలో కొండల మీదున్న రాజధాని అడిస్ అబాబాలో లెక్కల మాస్టరు. అతని భార్య పుష్పకుమారికి నెలలు నిండుతున్నాయి. మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. ఈసారి వదిన చేతులుంటేనే ధైర్యమని ఆ పిల్ల పట్టుబట్టిందట. బొంబాయిలో విమానం ఎక్కి, ఏడెన్‌లో ఇంకొకటి మారాలి.

ఆనందకుమారి గారు చూసిన పెద్ద ఊరు మద్రాసు ఒక్కటే. ఆఫ్రికా అంటే మండే ఎండలని అందరూ అంటారు, తమ్ముడేమో ఉన్ని బట్టలు తెచ్చుకోమంటాడు. స్వెట్టరు పెట్టెలో పెట్టడం, తీసి విసనకర్ర పెట్టడం, మళ్ళీ తీయడం. సముద్రం సంగతి సముద్రం మీద పోయేవాళ్ళకే తెలుస్తుందని, చివరికి పాళెం పడవవాళ్ళలో పెద్దవాడైన చెంగయ్య దగ్గరికి వెళ్ళారు.

"యాడికన్నావు నర్సమ్మా?"

"సముద్రం దాటి పడమటికన్నా."

"సముద్రం తూర్పున కదమ్మా ఉండేది!"

"పడమట ఇంకోటుందంట, బొంబాయి దగ్గర."

చెంగయ్య గుప్పెడు ఇసుక తీసి మెల్లగా వదిలాడు. అది తూర్పుకు ఎగిరింది.

"అయితే ఇప్పుడు పోబాకమ్మా. పడమటి గాలి మొహాన కొడతా ఉండాది. వానలు పోయి గాలి తిరగనీ, పోదువు."

అప్పటికి పుష్పకుమారి కాన్పు అయిపోతుంది. "విమానానికి గాలితో పనుంటుందా అన్నా?" అని ఆమె నెమ్మదిగా అడిగారు.

"రెక్కలుండే కొంగకే పనుండాదే, దానికుండదా?"

 గాలి విషయంలో చెంగయ్య మాట తప్పడం పాళెంలో ఎవరూ ఎరగరు. రమ్మని తమ్ముడు, వద్దని గాలి. మోకరిస్తే, పంపమని అడగాలో ఆపమని అడగాలో తెలియక ప్రార్థన సగంలోనే ఆగిపోయేది. చివరికి రాలేనని తమ్ముడికి తంతి ఇవ్వడానికి బయల్దేరారు. దారిలో చెంగయ్య భార్య పేరమ్మ చేపల గంపతో ఎదురైంది.

"ఏమ్మా, ఇంకా పోలేదా?"

"గాలి బాగలేదన్నాడు మీ ఆయన."

పేరమ్మ గంప దించింది. "చెప్పినాడులే! నా చిన్నదానికి నొప్పులొచ్చిన నాడు గాలివాన. కాలవలో గొంతులోతు నీళ్ళు. చీర దోపుకోని వచ్చినావే, ఆ పొద్దు గాలి ఎటుందో చూసినావా?"

"లేదు పేరమ్మా."

"మరిప్పుడేం చూస్తావు, ఆడ ఒక ఆడబిడ్డ నీకోసం కాచుకోనుంటే!"

ఆమె అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. స్వెట్టరూ విసనకర్రా రెండూ పెట్టెలో పెట్టేశారు.

బయల్దేరే రోజు చెంగయ్య బస్సు దగ్గరికి మొహం ముడుచుకునే వచ్చాడు. చేతిలో మరచెంబు నిండా మంచినీళ్ళు. దూరం పోయే పడవ ఏదీ ఒడ్డున తాగేనీళ్ళు నింపుకోకుండా కదలదు.

"అంత దూరం ఉప్పునీళ్ళ మీద. దాహమైతే ఎవురిస్తారమ్మా? ఒడ్డు కనపడేదాకా కొంచెం కొంచెంగా తాగు."

విమానంలో నీళ్ళిస్తారో లేదో ఆమెకూ తెలియదు. చెంబును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

వానలు వెలిశాక తిరిగి వచ్చారు. బస్సు దిగుతుండగానే చెంగయ్య ఎదురొచ్చాడు.

"బిడ్డ?"

"ఆడబిడ్డన్నా. గట్టిగా ఏడ్చింది. తల్లి కూడా బాగుంది. నీ నీళ్ళతోనే దాని మొహం తుడిచినా."

చెంగయ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "గాలో?" అన్నాడు.

"కిటికీలు బిగించేసుండారన్నా. తగల్లేదు."

గాలి తగలకుండా సముద్రం దాటడం ఎట్లాగో చెంగయ్యకు అర్థం కాలేదు. దాటి వచ్చిన ఆమెకూ అర్థం కాలేదు. ఆఫ్రికాలో చలికి వణికామంటే అతను అసలే నమ్మలేదు. ఖాళీ చెంబు అందుకుని, "పోనీలే, నీళ్ళు సరిపోయినాయి కదా," అన్నాడు.