వదులుగా అతికిన కాగితం

ఈ రోజు పొద్దున టంకం పెడుతుంటే, అది పట్టుకోవడానికి వేసే రోజనం బంక కాలి పొగ కళ్ళలోకి పోయింది. ఘాటుగా, వెనకాల కొంచెం తియ్యగా ఉండే ఆ వాసన తగిలితే చాలు, నాకు ఓబులేసు మామ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ధర్మవరంలో మా వీధి చివర ఆయనకో రేడియో కొట్టు ఉండేది. కొట్టంటే కొట్టు కాదు, ఇంటి వసారాలో ఒక బల్ల, గోడ వారగా కొయ్య పెట్టెల పాత రేడియోలు. ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా నాయన ఈడువాడు కాబట్టి మామా అని పిలిచేదాన్ని.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే పక్క గూట్లో రేడియో పాడుతూ ఉండాల్సిందే. చూపు మందగించి జరీ పోగు కనబడకుండా పోయాక మగ్గం విప్పేయక తప్పలేదు. విప్పిన రోజున బరువైన అడ్డకర్ర ఒకటి జారి రేడియో ముఖానికి తగిలింది. ముందున్న గుడ్డా, వెనకున్న స్పీకరు కాగితమూ చిరిగిపోయి రేడియో మూగబోయింది. ఆ రోజు నుంచే నాయన కూడా మాట మానేశాడు. ఏమడిగినా తల ఊపడమే. డాక్టరు చూసి గొంతుకేమీ కాలేదన్నాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, నేనూ ఆయన కూతుర్నే కదా. అన్నం పెడుతూ, నీళ్ళిస్తూ, "ఒక్క మాట మాట్లాడు నాయనా" అని వెంటపడేదాన్ని. అమ్మ పోయిన ఇంట్లో నా గొంతు ఒక్కటే వినబడుతుంటే భయమేసేది. రేడియో పలికితే నాయనా పలుకుతాడని ఒక పిచ్చి ఆశ పుట్టింది. దాన్ని గోనె సంచిలో చుట్టుకుని మామ దగ్గరికి పోయాను.

"ఏమ్మే సుజాతా, మీ నాయనేం చేస్తాండాడు?" అన్నాడు మామ.

"ఏం చేస్తాడు మామా, గుంట పూడ్చిన తావు చూసుకుంటా కూర్చుండాడు. ముందు దీన్ని బాగు చెయ్యి."

ఆయన తన చేతులు చాపి చూపించాడు. వేళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి. "నాతో యాడయితాది? నువ్వే చెయ్యి, నేను చెప్తా" అన్నాడు.

అప్పటిదాకా నేను దారం తప్ప తీగ ముట్టినదాన్ని కాదు. ఆయన చెప్పినట్టే స్పీకరు ఊడదీశాను. టార్చిలైటు సెల్లుకు రెండు తీగలు పట్టి స్పీకరు వెనక మొనలకు ఆనించమన్నాడు. ఏ చప్పుడూ రాలేదు. తీగలు కింద పెట్టేయబోయాను. ఆయన మాత్రం వంగి, "మొన కాడ కాదు, ఆ సన్న తీగ కాగితంలోకి పోతాంది చూడు, ఆడ పెట్టు" అన్నాడు. పెట్టగానే లోపలెక్కడో టప్ మని చిన్న చప్పుడైంది.

"ప్రాణముండాది. మధ్యలో తీగ తెగింది, అంతే" అన్నాడు మామ.

తెగిన తీగకు టంకం పెట్టాను. తర్వాత చిరిగిన కాగితం సంగతి. నేత ఇంట్లో పుట్టినదాన్ని, చీలిన అంచులు చూస్తే నా చెయ్యి ఊరుకుంటుందా? రెండు పక్కలా గట్టిగా లాగి, ముడత లేకుండా మందంగా బంక పూసి అతికించాను. మగ్గం మీద పడుగు వదులైతే చీర పాడైనట్టే అని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. నా పనితనానికి నేనే మురిసిపోయాను. తీరా స్విచ్చి వేస్తే రేడియో జలుబు చేసినట్టు బొంగురుగా గీరింది.

మామ నవ్వలేదు, కసరలేదు. రేడియో ఆర్పించి, నా వేళ్ళు కాగితం మీద పెట్టించి మెల్లగా నొక్కమన్నాడు. లోపల ఏదో ఒరుసుకుంటున్నట్టు వేళ్ళకు తెలిసింది.

"నువ్వు గుంజినందుకు లోపలి తీగ చుట్ట పక్కకు జరిగి అయస్కాంతానికి తగులుతాంది. ఇది పడుగు కాదమ్మే. కాగితం ఆడితేనే మాట వచ్చేది" అన్నాడు. బంక నానబెట్టి తీయించి, పల్చని కాగితం ముక్క లాగకుండా వేయించాడు. "ఆరేదాకా దాని జోలికి పోవద్దు" అని, "వీధి చివరిదాకా వినబడతాంది నీ గొంతు. మీ నాయన్ను గూడా ఇట్లే గుంజుతాండావు" అన్నాడు.

నాకు చచ్చేంత కోపమొచ్చింది. ఇంటికి పోతూ దారి పొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను. ఆయన మాట నిజమని తెలుస్తుంటే ఏడుపూ వచ్చింది.

మర్నాడు రేడియో తెచ్చి పాత గూట్లోనే పెట్టాను. ఈసారి గొంతు తేటగా వచ్చింది. నాయన అటు తిరిగి చూశాడు, మళ్ళీ ముఖం తిప్పుకున్నాడు. అడగాలని నాలుక పీకినా శనక్కాయలు ముందేసుకుని ఒలుస్తూ కూర్చున్నాను. అట్లా చాలా రోజులే గడిచాయి. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, రేడియోలో పాట జోరుగా వస్తుంటే, వెనక నుంచి మాట వినబడింది.

"రవ్వంత తగ్గించమ్మా. పక్కింట్లో చంటిబిడ్డ నిద్రపోతాండాడు."

నేను తగ్గించాను. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సాయంత్రం మామకు చెబితే, "నువ్వేమన్యావు?" అని ఒక్కటే అడిగాడు. ఏమీ అనలేదన్నాను. "మంచి పని చేసినావు" అన్నాడు. ఆ తర్వాత ఆయన బల్ల ముందు కూర్చుని పని నేర్చుకున్నాను. ఇప్పుడు నా బతుకు అదే.

చివరి రోజుల్లో మామకే మాట పడిపోయింది. చూడవచ్చినవాళ్ళంతా మంచం మీదికి వంగి, "నేనెవరో చెప్పు మామా, గుర్తుపట్టినావా?" అని గట్టిగా అడిగేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకునేవాడు. వాళ్ళంతా పోయాక నేను మంచం పక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. కాసేపటికి ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి నా అరచేతి మీద ఆగింది. వణికే ఆ వేళ్ళతోనే, స్పీకరు కాగితాన్ని చూసినట్టు, మెల్లగా ఒకసారి నొక్కాడు.

ఈ రోజు నా ముందున్న స్పీకరూ అంచున చిరిగింది. ఇన్నేళ్ళయినా నా చేతులు ముందు గట్టిగానే లాగుతాయి. లాగి, ఆగి, వదులుతాను. అరచేతిలో ఆ నొక్కు ఇంకా ఉంది.