వాటర్ ట్యాంకు నీడలో గోల్కొండ

గోల్కొండను కాపాడాలన్న ఆలోచన మాకు బస్సులో వచ్చింది. అమీర్‌పేటలో మా ఆడపిల్లల హాస్టల్ వాళ్ళం ఒక ఆదివారం కోట చూసి తిరిగొస్తున్నాం. ఎనభైల నడిమి రోజులవి. గైడు చప్పట్లు కొట్టి చూపించిన వింతలు నాకిప్పుడు సరిగ్గా గుర్తులేవు. నెలల తరబడి ఢిల్లీ పాదుషా ముట్టడించినా లొంగని కోట, లోపలి మనిషి ఒకడు లంచం తిని తలుపు తీస్తే పడిపోయిందని అతను చెప్పిన మాట మాత్రం నా రూమ్మేటు మనసులో ముల్లులా దిగింది.

"ఒక్కడు తలుపు తీస్తే అంత రాజ్యం పాయె! వాడు తియ్యకపోతే ఏమైతుండెనే?" అని మెహదీపట్నం దాకా అదే గొణుగుడు.

ఆమెది జహీరాబాద్. ఇంట్లో వాళ్ళ అమ్మీతో దక్కనీ, మాతో తెలంగాణ తెలుగు. సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. నేను తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి పంజాగుట్టలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. "ఏమైతుండె" అన్న ఆ ప్రశ్న మా ఇద్దరికీ నిద్ర పట్టనివ్వలేదు. చివరికి దాన్నొక ఆటగా చేద్దామనుకున్నాం. తలుపు తీయని గోల్కొండ ఎలా ఉండేదో ఆడి చూడాలి. తలా ఒక వేషం. ఒకరు సుల్తాను, ఒకరు ప్రధాని, ఇంకొకరు ఫిరంగుల దళపతి, కోట బయట ఢిల్లీ పాదుషా.

పాత క్యాలెండర్ కాగితాలు తిప్పేసి, మెతుకులతో అతికించి, వెనకవైపు దక్కన్ పటం గీశాం. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవు దాకా. ధాన్యానికి కందిగింజలు, ఫిరంగులకు జడపిన్నులు, వానలకీ యుద్ధాలకీ గవ్వలు. ఒక్కో ఆదివారం ఆట ఒక్కో నెల కింద లెక్క. డాబా మీద వాటర్ ట్యాంకు నీడ పడేచోట ఇదంతా పరిచేవాళ్ళం.

ఇద్దరికీ గొడవ వచ్చింది ఒక్క దగ్గరే. కోటలో ద్రోహి ఉండాలా వద్దా?

"దొంగ ఉంటే మళ్ళ గదే కథ అయితది. దొంగ లేకుంటనే గద చరిత్ర మారేది?" అంటుంది ఆమె.

"ద్రోహి లేకపోతే ఇంకేం ఆట? అందరూ మంచివాళ్ళే అయితే కోటలో కూర్చుని ఏం చేస్తాం, భజనా?" అని నేను.

అనుమానం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. పాలవాడి పాలలో వేలు ముంచి చూస్తాను. కండక్టరు చిల్లర లేదంటే వాడి సంచి వంక చూస్తాను. పక్కమంచం మనిషి నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ నా సబ్బు వాడుకుందేమోనని ముందు సబ్బుపెట్టె తెరుస్తాను. అలాంటిదాన్ని ద్రోహి లేని కోటలో ఉండమంటే ఎలా ఉంటాను? రెండు రోజులు మాటల్లేకుండా తిరిగి, నా మాటే నెగ్గించుకున్నాను.

కోటలో ఉండేవాళ్ళు ముగ్గురు. ముగ్గురికీ చింతపిక్కలు. అందులో ఒకదాన్ని తెల్లగా కనిపించేలా ఒకవైపు అరగదీయాలి. అన్నీ పచ్చడి జాడీలో వేసి, కళ్ళు మూసుకుని తలా ఒకటి తీసుకోవాలి. అరగదీసింది ఎవరికొస్తే వాళ్ళు ద్రోహి. ప్రతి నెలాఖరుకీ అందరం కళ్ళు మూసుకుంటాం. ఆ చీకట్లో ద్రోహి తన తెల్లపిక్కను కోట తలుపు దగ్గర పెట్టిందా, కోట గోవిందా. ఈలోగా లోపలివాళ్ళలో ఇద్దరు ఏకమైతే మూడోదాన్ని ఖైదులో వేయొచ్చు. ఆట అయ్యేదాకా ఎవరి పిక్క వాళ్ళు దాచుకోవాలి. ఇవీ నేను రాసిన నియమాలు.

"అయితే నేను ఢిల్లీ పాదుషానైతా. మీరు కాపాడుకోండ్రి నా కోటను" అంది రూమ్మేటు. బయటి మనిషి కాబట్టి జాడీ పట్టుకునే పని కూడా ఆమెకే వచ్చింది. ఆమె పిట్టగోడ మీద చింతపిక్క అరగదీస్తుంటే నేను కళ్ళారా చూశాను.

సుల్తానుగా బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకుంటున్న కాకినాడ పిల్ల. ఫిరంగులకు ఒక కరీంనగర్ టీచరు. ప్రధానిని నేను, ధాన్యపు కొట్టు నా చేతిలో. చూడటానికి మిగతా హాస్టలంతా పిట్టగోడ ఎక్కి కూర్చునేది.

నాకు నల్లపిక్క వచ్చింది. అంటే ద్రోహి మిగిలిన ఇద్దరిలో ఒకతె.

మొదటి నెలాఖరున కళ్ళు తెరిచి చూస్తే తలుపు దగ్గర ఏమీ లేదు. రెండో నెలా లేదు. ఏమీ లేకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది. అదను కోసం కాచుకుని కూర్చుంది మహాతల్లి! కాకినాడ పిల్ల గోళ్ళు కొరికితే అనుమానం, కొరకకపోతే మరీ అనుమానం. టీచరు రెండు పూటలా నా పక్కనే ఎందుకు కూర్చుంటోంది? పులుసు వడ్డించి "ఇంకొంచెం వేసుకో" అంటుంది ఎందుకు? వాళ్ళిద్దరూ బట్టలు ఆరేస్తూ మాట్లాడుకుంటే నేను తీగ కింద నిలబడి విన్నాను. పరీక్షల గురించే మాట్లాడుకుంటున్నారు. నేనొచ్చానని మాట మార్చారనుకున్నాను.

అక్కడ పాపం ఢిల్లీ సైన్యం వానకి తడిసి, తిండి లేక అల్లాడుతోంది. పాదుషా గవ్వలు వేసినప్పుడల్లా వర్షమే. నాలుగు నెలలు ఓపిక పడితే ముట్టడి ఎత్తేసి పోయేదే. కానీ మాకు బయటి శత్రువు పట్టలేదు.

మూడో ఆదివారం వాళ్ళిద్దరూ ఏకమై నన్ను ఖైదులో వేశారు.

"నియమాలన్నీ నువ్వే రాశావు, అందరినీ నువ్వే గుచ్చి గుచ్చి అడుగుతున్నావు. నువ్వే!" అంది కాకినాడ పిల్ల.

టీచరు అందుకుంది. "ఒప్పుకోవే, జర బరువు దిగుతది. గేటు ఎప్పుడు తియ్యాలనుకున్నవ్? ఎవనితోని మాట్లాడుకున్నవ్?"

"నేను కాదే, ఒట్టు! నా కళ్ళు పోతాయి!" అని నేను గుండెలు బాదుకుంటున్నాను. పిట్టగోడ మీద కూర్చున్నవాళ్ళంతా "గేటు తీసేది ఈమే, ఈమే" అని చప్పట్లు. సరిగ్గా అప్పుడు అప్పడాలు ఎండబెట్టడానికి వార్డెనమ్మ మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, నా వంక అదోలా చూసి దిగిపోయింది. నేను ఖైదులోకి పోగానే ధాన్యపు కొట్టు చూసే దిక్కు లేకపోయింది. ఒక్క నెలకి సరిపడా కందిగింజలు మిగిలాయి. వచ్చే ఆదివారం కోట లొంగిపోవడం ఖాయం. పాదుషా మాత్రం మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని మమ్మల్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు కూడా నాకు నచ్చలేదు.

బుధవారం పొద్దున హాస్టల్ గేటు బార్లా తెరిచి ఉంది.

అందరం ఇడ్లీ పళ్ళేల ముందు కూర్చున్నాం. వార్డెనమ్మ వచ్చి భోజనాల గది మధ్యలో నిలబడింది. ఏలూరులో బడిపంతులమ్మగా చేసి వచ్చిన మనిషి, గొంతు పెంచదు. "రాత్రి గేటు తీసిందెవరు?" అని మాత్రం అడిగింది.

 తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. కాకినాడ పిల్ల, టీచరు, పిట్టగోడ మీద చప్పట్లు కొట్టిన ప్రతి ఒక్కతీ నా వైపే చూశారు. ఆదివారం నుంచీ గేటు అన్న మాట వినగానే నన్ను చూడటం వాళ్ళకి అలవాటైపోయింది. అలా చూస్తున్నట్టు వాళ్ళకే తెలియదు.

"అనుకున్నాను," అంది వార్డెనమ్మ. "మొన్న డాబా మీద నా చెవులతో నేను విన్నాను. మీ అన్నయ్యగారికి ట్రంకు కాల్ బుక్ చేస్తాను. పెట్టె సర్దుకో."

 మా అన్నయ్య నన్ను హాస్టల్లో చేర్చినరోజు గుమ్మంలో నిలబడి ఒకటే మాట అన్నాడు: "ఒక్క కంప్లయింటు వచ్చిందంటే ఉద్యోగం లేదు, హైదరాబాదు లేదు. వచ్చి తీసుకెళ్ళిపోతాను." అన్నంత పనీ చేసే మనిషి. నా కుర్చీ, నా టైపు మిషను, నెల మొదట్లో జీతానికి నా చేత్తో నేను సంతకం పెట్టడం, అన్నీ ఇడ్లీ పళ్ళెంలోనే పోయాయి. "నేను కాదండీ" అన్నాను. డాబా మీద అన్నట్టే వినిపించింది. అక్కడా ఎవరూ నమ్మలేదు.

అప్పుడు కుర్చీ చప్పుడైంది. లేచింది నా రూమ్మేటు. గబగబా పైకి పోయి తన పౌడరు డబ్బా పట్టుకొచ్చింది. మూత తీసి బల్ల మీద బోర్లించింది. పౌడరులోంచి ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్క పడింది.

"ఈమె కాదు. ఎవ్వలూ కాదు. గిది నేను జాడీలె ఎయ్యనేలే, దీని బదులు ఇంకో నల్లది ఏసిన," అంది.

వార్డెనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఏంటమ్మా ఇది? చింతపిక్కకీ గేటుకీ సంబంధం ఏంటి?"

ఆమె మొదటి నుంచీ చెప్పింది. గోల్కొండ, పాదుషా, జాడీ, ఖైదు, అన్నీ. "ఆటల ఈమెను దొంగ అనుకున్నరమ్మా. గందుకే మీరు గేటు అనంగనే అందరు ఈమె దిక్కు చూసిండ్రు. గంతే. నిజంగ ఎవరు తీసిండ్రో ఈళ్ళకేం ఎర్క?"

వార్డెనమ్మ నమ్మిందో లేదో తెలిసేలోపే గుమ్మంలోంచి వాచ్‌మన్ తల పెట్టాడు. "గేటు ముచ్చటానమ్మా? తెల్లారకముందు నీళ్ళ ట్యాంకర్ వచ్చింది గద. నేను చాయ్‌కి పోతుంటే చూసిన. కిటికీలకెల్లి తాళంచెయ్యి ఇచ్చింది మీరే గద. నిద్రల ఉన్నరు. ట్యాంకరోడు తియ్యనైతే తీసిండు, పెట్టకుండ పోయిండు."

 వార్డెనమ్మ కొంగు సర్దుకుంది. "ఆఁ... సరే సరే. తినండి, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. ట్రంకు కాల్ మాట మళ్ళీ ఎత్తలేదు.

గదిలోకి రాగానే నాకు ఏడుపు వచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. "మూడు ఆదివారాలు మేం ఒకరినొకరు పీక్కుతింటుంటే చూస్తూ కూర్చున్నావా? ముందే చెప్పి చావొచ్చుగా!"

"నువ్వే గద దొంగ ఉండాలన్నవ్," అంది ఆమె చేతులకంటిన పౌడరు దులుపుకుంటూ. "దొంగ లేకుంటే కోట నిలవడ్తదని నేను ఎయ్యలే. చూస్తున్న, చూస్తున్న... ఇగ నిలవడ్తది, ఇగ నిలవడ్తది అనుకుంట. నా సైన్యం ఆకలికి సస్తుంటే మీరే కోటను ముంచుకుంటిరి. యా అల్లా, నాకు ఏడవాల్నో నవ్వాల్నో తెల్వలే."



తర్వాతి ఆదివారం, నెలలన్నీ ఒక్కరోజే ఆడేద్దామని, మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి రూమ్మేటు జాడీ బోర్లించి అందరికీ చూపించింది. మూడూ నల్లవే. అరగదీసిన పిక్కను అందరి ముందే డాబా మీంచి పక్క ఖాళీ స్థలంలోకి విసిరేసింది. ద్రోహి లేడని ఢంకా కొట్టి చెప్పుకుని ఆడాం. నేను ధాన్యం పొదుపుగా పంచాను, టీచరు ఫిరంగులు పేల్చింది, కాకినాడ సుల్తాను గోళ్ళు కొరుక్కుంటూనే కూర్చుంది. వానల్లో ఢిల్లీ సైన్యం కుళ్ళిపోయింది. ట్యాంకు నీడ పిట్టగోడ దాటే వేళకి పాదుషా డేరాలు పీకేసింది. ఎవరూ తలుపు తీయని గోల్కొండ మా కళ్ళ ముందు క్యాలెండర్ కాగితం మీద అలాగే నిలబడి ఉంది. పిట్టగోడ మీద వాళ్ళంతా ఈలలు వేశారు.

నా రూమ్మేటు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓడిపోయిన పాదుషా అలా మురిసిపోవడం నేనెక్కడా చూడలేదు.

ఆ ఈలల మధ్య కాకినాడ పిల్ల నా వైపు వంగి చెవిలో అడిగింది. "నిజంగానే లేడంటావా? మరీ ఇంత తేలిగ్గా గెలిచామేంటి?"

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చూసేదాన్ని కాదు. నా తల దానంతటదే జాడీ పట్టుకున్న చేతుల వైపు, నన్ను పెట్టె సర్దుకోకుండా ఆపిన ఆ చేతుల వైపు తిరిగింది.

రూమ్మేటు అది చూసింది. కళ్ళు తుడుచుకుని, జాడీ నా ఒళ్ళో పెట్టింది.

"తీస్కో, చెయ్యి పెట్టి చూస్కో," అంది.